వ్యాన్ ఎక్కితే పేరు పోతుంది

చిట్కుల్‌లో మేముండిన రేకుల గదుల వరసలో చదవడం వచ్చిన ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఏడో తరగతి మధ్యలో మా నాయన బడి మాన్పించి మేకల వెంట పంపాడు. అయినా ఆ పన్నెండు గదులకూ పెద్ద చదువు నాదే. ఊరి నుంచి ఉత్తరమొచ్చినా, మందు సీసా మీద ఏం రాసుందో తెలియాలన్నా, "బీరమ్మకు సూపియ్యుండ్రి" అనేవాళ్లు. నేను చదివి చెప్పిన దాన్ని మళ్లీ ఇంకొకరికి చూపించుకునే అలవాటు ఆ వరసలో ఎవరికీ లేదు.

తొంభై మూడులో, శివరాత్రి వెళ్లి ఉగాది రాకముందు జరిగిందిది.

నా పెనిమిటి సంగప్ప, మా గోడవతల గదిలో ఉండే నాగయ్య, ఇద్దరూ ఇస్నాపూర్ దగ్గరి మందుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు. పౌడర్ సెక్షన్. ముక్కుకు గుడ్డ కట్టుకొని పొద్దంతా తెల్లటి పొడిని జల్లెడ పట్టి డ్రమ్ముల్లోకి ఎత్తాలి. షిఫ్టు దిగేటప్పుడు, గొంతులో దుమ్ము కిందికి దిగుతుందని తలా ఒక బెల్లం ముక్క ఇచ్చేవాళ్లు. సంగప్ప దాన్ని తినకుండా జేబులో వేసుకొని పాపకు తెచ్చేవాడు. మా పాపకు అప్పుడు పది నెలలు. బెల్లం కోసం నాయన వేలు నోట్లో పెట్టుకునేది. వేలికి అంటిన పొడి చేదుకు మొహం ముడుచుకొని ఏడ్చేది. ఎన్నిసార్లు తోముకున్నా ఆయన చేతుల చేదు పోయేది కాదు.

ఆ చలికాలం పాపకు రెండుసార్లు ఊపిరాడక డొక్కలెగిరాయి. కంపెనీ కార్డు ఉన్న వాళ్ల పిల్లలకు మందులిచ్చే దవాఖాన మాకు నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది. కార్డు మాత్రం పర్మినెంటు వాళ్లకే. నేను అన్నం వారుస్తున్నా, బట్టలు పిండుతున్నా, చెవి పాప ఊపిరి మీదే ఉండేది. ఒక ఊపిరికి ఇంకో ఊపిరికి మధ్య కాస్త ఎడం వస్తే చేతిలో పని వదిలి పరుగెత్తేదాన్ని.

నాగయ్య భార్య ఎంకమ్మ నన్ను అక్కా అని పిలిచేది. ఆమె కొడుకుకు ఏడు నెలలు. వాడు పుట్టిన నెలకే ఎంకమ్మకు పాలు ఎండిపోయాయి. నాకేమో ఇద్దరికి సరిపోయేటన్ని. వాడికి ఆకలైతే గోడ మీద రెండు దెబ్బలు కొట్టి, "అక్కా, నీ కొడుకు పిలుస్తుండు" అని తెచ్చి నా ఒళ్లో పడేసేది.

ఒకరోజు షిఫ్టు దిగి వస్తూ వస్తూనే నాగయ్య, సైకిలు గోడకు ఆనించకుండానే మొదలుపెట్టాడు.

"వదినె, మా కొత్త సాబుకు పిచ్చి లేసింది. మమ్ములందర్ని ఎంటేసుకోని సైకిళ్ల మీద మెదక్ ఖిల్లా జూడ వోతడంట."

"మెదక్‌కు బస్సులు లెవ్వా?" అంది ఎంకమ్మ లోపలి నుంచి.

"బస్సుల వోతె పిక్కలు గట్టివడయంటనే. భద్రతా వారోత్సవాలంట. మేం భద్రంగ ఉన్నమా లేదా గుట్టలెక్కిచ్చి సూస్తరంట."

మేమిద్దరం నవ్వాం. సంగప్ప నవ్వలేదు. నవ్వితే ఆయనకు దగ్గు వస్తుంది.

మరునాడు త్రినాథరావు వచ్చాడు. ఫ్యాక్టరీకి మనుషుల్ని పెట్టే కాంట్రాక్టరు అతనే. కోస్తా వైపు మనిషి, చాలా మెత్తగా మాట్లాడతాడు. గదుల ముందు అరుగు మీద రుమాలు పరుచుకొని కూర్చున్నాడు.

"ఇదేదో విహారయాత్ర అనుకోకండయ్యా. పద్దెనిమిది మంది పేర్లు నేనే ఇచ్చాను. మొదటిరోజు జోగిపేట, రెండోరోజు మెదక్ కోట, మూడోరోజు నర్సాపూర్ అడవి మీదుగా వెనక్కి. ఆ సాయంత్రం అయిదింటికల్లా ఎవడైతే సైకిలు తొక్కుకుంటూ గేటు లోపలికొస్తాడో, వాడు పర్మినెంటు. పెద్ద సారు మాటిచ్చారు."

"రానోడు?" అన్నాడు సంగప్ప.

"వెనకాల వ్యాన్ వస్తుంది. అలిసిపోయినవాడు ఎక్కొచ్చు. ఎవరూ ఏమీ అనరు. ఎక్కితే పేరు పోతుంది, అంతే." మా వైపు తిరిగాడు. "వంటకి ఇద్దరు ఆడవాళ్లు కావాలమ్మా. మీరిద్దరూ రండి. పిల్లల్ని కూడా తెచ్చుకోండి, వ్యాన్‌లో బోల్డంత చోటుంటుంది."

ఆ రోజు నుంచి సంగప్ప తెల్లవారుజామునే లేచి రుద్రారం దాకా తొక్కి వచ్చేవాడు. నేను తలుపు దగ్గర నిలబడి చూసేదాన్ని. మలుపుకు అవతలే దిగి, దగ్గాల్సిన దగ్గంతా అక్కడే దగ్గి, నోరు తుడుచుకొని, మళ్లీ ఎక్కి, ఇంటి ముందుకు నవ్వుతూ వచ్చేవాడు. ఆ తువ్వాలు ఉతికేది నేనే. అందులో ఏముందో నాకు తెలుసు. తెలుసని ఆయనకు చెప్పలేదు.

యూనియన్‌లో తిరిగే యాదన్న ఒక సాయంత్రం వచ్చి అందరినీ హెచ్చరించి పోయాడు. "దగ్గు, ఆయాసం అని రాసున్న కాయితం ఎవడు దెచ్చినా సంతకం వెట్టకుండ్రి. పొడి వల్ల అచ్చిన దగ్గును మీ నెత్తిన రాసి సేతులు దులుపుకుంటరు."

"గా ముక్క రాసున్న కాయితం నా ముందల వెడితే, సించి వాని మొకాన గొడ్త" అన్నాడు సంగప్ప. నాగయ్య ఆయన భుజం తట్టాడు. "నువ్వు సించు అన్నా, నేను మొకాన గొడ్త. ఇద్దరికి పని ఉండాలె గద."

రెండు రోజులకు ఆ కాగితాలు రానే వచ్చాయి. తెలుగులోనే ఉన్నాయి, అచ్చు మసకగా. గుమాస్తా వరసలో వాళ్లకు తలా ఒకటి పంచి, ఒక సిరాబిళ్ల కూడా వదిలి, పొద్దున వచ్చి తీసుకుంటానని పోయాడు. సంగప్ప, నాగయ్య మా గుమ్మం ముందు కూర్చున్నారు. ఎంకమ్మ బియ్యం చెరుగుతోంది. పాప నా ఒళ్లో ఉంది. ఆ రోజు మళ్లీ దాని ఛాతీలో గురక మొదలైంది. అరచేతికి తగులుతోంది.

"ఒకటి" అని చదివాను. "నా ఇష్టపూర్వకముగా ఈ సైకిల్ యాత్రలో పాల్గొనుచున్నాను. రెండు. నా సైకిల్ మంచి స్థితిలో ఉన్నది. మూడు. దారిలో క్రమశిక్షణ పాటించెదను."

నాలుగు నా కంటికి ముందే కనబడింది. నాకు దగ్గు, ఆయాసం, ఛాతీకి సంబంధించిన జబ్బు ఏదైనా ఉన్నచో అది ఈ కంపెనీలో పని వలన వచ్చినది కాదని ఒప్పుకొనుచున్నాను.

నాలుక ఆగిపోయింది.

"ఏమైంది వదినె, అచ్చరాలు మొరాయిస్తున్నయా?" అన్నాడు నాగయ్య.

"సన్నగ రాసిండ్రు" అన్నాను. పాప ఛాతీ మీద చెయ్యి అలాగే ఉంచి, ఐదు నంబరును నాలుగు చేశాను. "నాలుగు. మూడవ రోజు సాయంత్రం ఐదు గంటలలోపు గేటు చేరెదను."

"గంతేనా?"

"గంతే."

సంగప్ప నా మొహంలోకి చూశాడు. "దగ్గు ముచ్చట గిట్ల ఏమన్న ఉన్నదా?"

"లేదు."

నేను నేర్పిన వంకరటింకర సంతకం ఆయన పెట్టాడు. నాగయ్య సిరాబిళ్ల మీద బొటనవేలు అద్ది కాగితం మీద ఒత్తాడు. వేలికి సిరా ఇంకా మిగిలింది. మా పాప కాలు పట్టుకొని అరికాల్లో చుక్క పెట్టాడు. "కంపెనీ సిరా. ఏ దిష్టి దగుల్తదో సూస్త" అన్నాడు.

నాగయ్యను ముంచాలని నేను చేయలేదు. చెప్పాలంటే అప్పుడు నాగయ్య నా ఆలోచనలోనే లేడు. అక్కడ కూర్చొని ఉన్నాడు, అంతే. మిగతా గదుల వాళ్లు ఎవరూ వచ్చి అడగలేదు. బీరమ్మ చదివిందట, ఏం లేదట అని విని వేళ్లు ఒత్తారు.

*

బయల్దేరిన రోజు గేటు దగ్గర కొబ్బరికాయ కొట్టారు. 'భద్రతే మన ఊపిరి' అని ఎర్రగుడ్డ మీద రాయించారు. ముందు పెద్ద సారు, నాగయ్య చెప్పిన కొత్త సాబు. సన్నటి టైర్లు, గేర్లున్న సైకిలు, నెత్తి మీద ప్లాస్టిక్ టోపీ, కాళ్లకు బిగుతు చెడ్డీ. మంచి ఆరోగ్యం. వెనక మనవాళ్లు పద్దెనిమిది మంది, పాలక్యానులు మోసినవి, గడ్డిమోపులు మోసిన సైకిళ్ల మీద. వాళ్ల వెనక మా వ్యాన్. డ్రైవరు పక్కన త్రినాథరావు, ఒళ్లో పేర్ల కాగితం, జేబులో పెన్ను. వెనక డబ్బాలో గిన్నెలు, బియ్యం, మేమిద్దరం, పిల్లలు.

సంగారెడ్డిలో పాత జైలు ముందు సారు అందరినీ ఆపాడు. ఆయన హిందీలో చెబుతుంటే త్రినాథరావు తెలుగులో చెప్పాడు. రెండువందల ఏళ్ల కిందటి గోడలట, ఎన్ని వానలు కురిసినా చెక్కు చెదరలేదట.

నాగయ్య చెయ్యెత్తాడు. "సారుకు ఒక మాట అడుగుండ్రి. లోపలున్నోళ్లు కాంట్రాక్టా, పర్మినెంటా?"

సారుకు అర్థమయ్యేలోపు పదిహేడు మందీ పకపకా నవ్వారు. అర్థమయ్యాక సారు కూడా నవ్వి నాగయ్య వీపు చరిచాడు. ఆ చరుపుకు నాగయ్య వంగిపోయి చాలాసేపు దగ్గాడు.

సారు ప్రతి పాత గోడ దగ్గరా, ప్రతి గోరీ దగ్గరా ఆగేవాడు. ఫోటో తీసేవాడు. తొక్కేటప్పటికంటే ఆగినప్పుడే మనవాళ్లకు కష్టంగా ఉండేది. చెమట ఆరగానే దగ్గు అందుకునేది. ఒకడు మొదలుపెడితే వరసంతా దగ్గేది.

ఎండ ముదిరాక పెద్దరాములు అనే ఆయన సైకిలు పక్కకు పడేసి వ్యాన్ వెనక తట్టు పలకను పట్టుకున్నాడు. నలభై ఏళ్ల మనిషి. మేము చెరొక చెయ్యి ఇచ్చి లాగాం. ముందు నుంచి త్రినాథరావు గొంతు వినబడింది. "ఏం ఫర్లేదు పెద్దరాములూ, వచ్చే ఏడాది చూద్దాం." మాట పూర్తయ్యేలోపు పెన్ను గీత గీసేసింది. పెద్దరాములు మా వైపు వీపు పెట్టి కూర్చొని, జోగిపేట వచ్చేదాకా మేము అడగకుండానే ఉల్లిగడ్డలు పొట్టు తీశాడు.

"అక్కా, మా ఆయన గిట్ల వచ్చి ఎక్కిండనుకో, నేనే కిందికి దొబ్బుత" అంది ఎంకమ్మ.

"నేను గుడ" అన్నాను.

*

రెండోరోజు మధ్యాహ్నానికి మెదక్ చేరేసరికి పద్నాలుగు మంది మిగిలారు. ఖిల్లా కింద మనవాళ్లు సైకిళ్లు గోడకు ఆనించి నీళ్లు తాగుతున్నారు. సారు తలెత్తి గుట్ట మీదికి చూశాడు. ఆయన మొహం వెలిగిపోయింది.

"ఊపర్! సైకిల్ కే సాథ్!"

సైకిళ్లు కూడా పైకి తేవాలట. కోట మీద, తోప్ అనే పాత ఫిరంగి పక్కన, సైకిళ్లతో ఫోటో తీస్తే హైదరాబాద్ ఆఫీసులో గోడకు పెడతారట. త్రినాథరావు ఆ మాట చెప్పి, తాను మాత్రం వ్యాన్ నీడలో కూర్చున్నాడు.

"సైకిల్ మీద మనిషి ఎక్కాలె గని, మనిషి మీద సైకిల్ ఎక్కుడేందన్నా?" అన్నాడు నాగయ్య. అంటూనే భుజానికి ఎత్తుకున్నాడు.

అన్నం గిన్నె నేను, పప్పు గిన్నె ఎంకమ్మ, నెత్తిన పెట్టుకొని, పిల్లల్ని వీపుకు కట్టుకొని వాళ్ల వెనకే ఎక్కాం. మెట్లు ఒక ఎత్తున ఉండవు. ఒకటి జానెడు, ఒకటి మోకాలెత్తు. బండల వేడి చెప్పుల్లోంచి తగులుతోంది. మా ముందు సంగప్ప రెండు మెట్లకొకసారి ఆగుతున్నాడు. భుజం మార్చుకుంటున్నట్టు చేసి గోడకు నుదురు ఆనిస్తున్నాడు. మెడ నరాలు తాళ్లలా లేచాయి. ఆయన ఆగినప్పుడల్లా నేను వెనక నుంచి, "నడువు, నడువు, అయిపాయె" అన్నాను. మేకలను అదిలించినట్టే అన్నాను.

రాతి ఏనుగులున్న దర్వాజ దగ్గర నాగయ్య కూలబడ్డాడు. ఎంకమ్మ గిన్నె దించి కొంగుతో ఆయన నోరు తుడిచింది. కొంగు చూసుకుంది. నా వైపు చూసింది. నా తువ్వాళ్ల సంగతి ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు.

"ఎన్నాళ్లకెల్లి?" అంది భర్తతో.

"ఏనుగులకు గూడ నెత్తురస్తదే గుట్టెక్కితే. పో, పప్పు సల్లారుతది" అన్నాడు.

పైన సారు చేతులు చాపి చుట్టూ పొలాలు, చెరువులు, ఊళ్లు చూపిస్తూ రాజుల కథలు చెప్పాడు. ఎవరు కట్టారు, ఎవరు గెలిచారు, తోప్ ఎంత దూరం పేలేది. ఆ రాళ్లను పైకి మోసిన వాళ్ల మాట ఏమీ చెప్పలేదు. ఫోటోకు అందరూ సైకిళ్లు పట్టుకొని నిలబడ్డారు. నాగయ్యకు ఎర్రగుడ్డ కట్టిన కర్ర ఇచ్చారు. ఆయన కర్రను పట్టుకున్నాడనడం కంటే కర్రే ఆయనను నిలబెట్టిందనాలి. ఆ ఫోటో తర్వాత నేను చూశాను. అందరికంటే బాగా నవ్వుతున్నది నాగయ్యే.

*

మూడోరోజు నర్సాపూర్ అడవి. దారికి రెండు పక్కలా మోదుగులు ఆకు రాల్చి పువ్వు మీదున్నాయి. ఎక్కే చడావు, దిగే ఉతారు, మళ్లీ చడావు. పదకొండు మంది మిగిలారు. వ్యాన్ మనిషి నడకంత నెమ్మదిగా ఎక్కుతోంది. నేను వెనక తట్టు మీద కాళ్లు వేలాడేసి కూర్చున్నాను. పిల్లలిద్దరూ బియ్యం సంచి మీద నిద్రపోతున్నారు.

పెద్ద చడావు సగంలో సంగప్ప వెనకబడ్డాడు. వెనకబడి వెనకబడి వ్యాన్ దగ్గరికొచ్చాడు. పెదవులు నేరేడు పండు తిన్నట్టున్నాయి. ఒక చేత్తో తట్టు గొలుసు పట్టుకున్నాడు. హ్యాండిలు వదిలి, రెండో చెయ్యి నా వైపు చాచాడు.

"బీరీ, సెయ్యియ్యి."

మూడు రోజుల్లో ఏడుగురికి చెయ్యి ఇచ్చి ఎక్కించాను. ఆ చేతులు వాళ్లవి. ఇది నా మొగుడిది, అరచేయి చేదు. నేను కొంగుముడి విప్పి బెల్లం ముక్క తీసి ఆ చేతిలో పెట్టాను.

"నోట్లేస్కో. ఇంకొంచెమే, ఇగ ఉతారే."

ఆయన ఆ ముక్కను చూశాడు. నన్ను చూశాడు. కోపం లేదు, బతిమాలడం లేదు. కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. బెల్లం నోట్లో వేసుకోకుండా, రోజూ పాపకు తెచ్చినట్టే జేబులో వేసుకున్నాడు. గొలుసు వదిలేశాడు. వంగి, ఒక్కొక్క తొక్కుడూ దేహమంతా పెట్టి తొక్కుతూ వ్యాన్‌ను దాటి ముందుకు పోయాడు.

అదంతా ఎంకమ్మ చూసింది. కాసేపటికి వెనక్కి చూసి వ్యాన్ రేకు మీద దబదబా బాదింది. వ్యాన్ ఆగకముందే దూకి వెనక్కి పరుగెత్తింది. దూరంగా, వ్యాన్‌కు కూడా వెనకబడి, నాగయ్య సైకిలు నెట్టుకుంటూ వస్తున్నాడు.

"ఎక్కు. ఎక్కి సావు" ఆమె గొంతు ఇక్కడికి వినబడుతోంది.

"ఎక్కితే పేరు వోతదే."

"పోనీ. నీ పేరు కాలవడ. మనిషి పోయినంక పేరేం జేస్కోను?"

"మూడు రోజులు తొక్కిన ఎంకీ. ఇంకో మూడు గంటలు. పిలగాడు లేస్తడు, పో. నీ ఎనకాలే వస్తున్న. గంట గొడ్తుంట, ఇనుకుంట పో."

ఆమె ఏడుస్తూ వచ్చి ఎక్కింది. వ్యాన్ కదిలింది. వెనక నుంచి సైకిలు గంట మోగింది, ట్రింగ్ ట్రింగ్. ఎంకమ్మ ముక్కు తుడుచుకొని, "సూడు, పోరగాని తీర్గ" అంది. మలుపు తిరిగాం. గంట మోగింది. ఇంకో మలుపు. మోగింది. చడావు అయిపోయి వ్యాన్ ఉతారు పట్టబోతుంటే ఎంకమ్మ చెయ్యెత్తి నన్ను మాట్లాడొద్దంది.

ఇద్దరం విన్నాం. డబ్బాలో గిన్నెలు కదిలే చప్పుడు తప్ప ఏమీ లేదు.

వ్యాన్ వెనక్కి పోయేసరికి నాగయ్య మోదుగు చెట్టుకు వీపు ఆనించి కూర్చున్నాడు. సైకిలు పక్కకు పడనీయకుండా మోకాలి మీద ఆనించుకున్నాడు. బొటనవేలు గంట మీదే ఉంది.

ముందు పోయినవాళ్లు కూడా సైకిళ్లు తిప్పుకొని వచ్చారు. నలుగురు పట్టి వ్యాన్‌లోకి ఎత్తారు. కాళ్లు తట్టు బయటికే ఉన్నాయి, ఒక చెప్పు జారిపోయింది. త్రినాథరావు దిగి వచ్చి చూశాడు. గడియారం చూసుకున్నాడు. కాగితం తీసి గీత గీశాడు. కావాలని చేశాడనను. వ్యాన్ ఎక్కినవాడి పేరు కొట్టడం మూడు రోజులుగా అలవాటైపోయింది.

సారు మొహం పాలిపోయింది. "హాస్పిటల్, జల్దీ" అన్నాడు. తర్వాత మిగిలినవాళ్ల వైపు తిరిగి, "మీరు పదండి, ఐదు గంటల టైముంది" అన్నట్టు చెయ్యి ఊపాడు. సంగప్ప నాగయ్య కాళ్లను చూస్తూ నిలబడ్డాడు. జారిన చెప్పు తీసి కాలికి తొడిగాడు. సైకిలెక్కి పోయాడు.

సంగారెడ్డి దాకా ఎంకమ్మ ఆయన తల ఒళ్లో పెట్టుకొని మాట్లాడుతూనే ఉంది. ఊళ్లో ఎవరికి ఏం చెప్పాలో, పిల్లాడికి ఏ పేరు పెట్టాలో. దవాఖానలో దించాక వాళ్లు చెప్పింది ఆమెకు దారిలోనే తెలుసనుకుంటాను. దారిలో పిల్లాడు ఆకలికి లేచాడు. వాళ్ల నాయన పక్కనే కూర్చొని వాడికి నేను పాలిచ్చాను.

సంగప్ప ఐదుకు పది నిమిషాల ముందు గేటు దాటాడు.

*

ఆ తర్వాత ఇంట్లో ఆయన తన అన్నం తానే వడ్డించుకునేవాడు. నేను గిన్నె ముట్టుకుంటే, "ఉండనియ్యి" అనేవాడు, అంతే. పాపకు బెల్లం తెచ్చేవాడు. నా చేతికి ఇవ్వకుండా దాని నోట్లోనే పెట్టేవాడు.

ఎంకమ్మ పదో రోజు కాగానే నష్టపరిహారం కోసం ఫ్యాక్టరీకి తిరగడం మొదలుపెట్టింది. పిల్లాణ్ని నా దగ్గర వదిలి పొద్దున పోయి సాయంత్రం వచ్చేది. ఏమన్నారంటే, "కాయితం ఉన్నదంటరు" అనేది. అంతకంటే చెప్పేది కాదు. రెండుసార్లు యాదన్నతో కలిసి సంగారెడ్డి కోర్టు దాకా పోయింది.

ఉగాదికి మూడు రోజుల ముందు, పొద్దు వాలే వేళ వచ్చింది. పిల్లాడు నా రొమ్ము పట్టుకొని ఉన్నాడు. సంగప్ప గుమ్మంలో సైకిలు చైనుకు నూనె పోస్తున్నాడు. ఎంకమ్మ నా ఎదురుగా కూర్చొని కాగితం చాపింది.

"అక్కా, గిది సదువు. జెరాక్సు. అప్పుడు మాకు సదివినవు గద, గదే కాయితం."

కింద నాగయ్య వేలిముద్ర ఉంది, నల్లగా, గుండ్రంగా.  నా ముందు రెండు దారులున్నాయి. ఇప్పుడు చదివితే గుమ్మంలో ఉన్న మనిషికి వినబడుతుంది. ఆయన ఆర్డరు ఇంకా చేతికి రాలేదు. చించి మొహాన కొడతానన్న మనిషి. పాప సంచి మీద పడుకొని ఉంది. గురక లేదు కానీ ఏ రోజైనా వస్తుంది.

"ఒకటి" అని మొదలుపెట్టాను. రెండు చదివాను. మూడు చదివాను. "నాలుగు. మూడవ రోజు సాయంత్రం ఐదు గంటలలోపు గేటు చేరెదను."

ఎంకమ్మ కళ్లు మూసుకొని వింది. ఒక్కొక్క దానికీ తల ఊపింది.

"గంతేనా?"

"గంతే."

కళ్లు తెరిచింది. కాగితం నా చేతిలో ఉండగానే దాని మీద వేలు పెట్టింది. పై నుంచి నాలుగోది. అన్నిటికంటే పొడుగైనది.

"నాకు అచ్చరం రాదు. కని యాడున్నదో యాదికి పెట్టుకున్న. వకీలు సాబు సదివిండు. యాదన్న సదివిండు. నేను నమ్మలే. మా అక్క సదవనిది కాయితంలకు యాడికెల్లొస్తది అన్న. వాళ్లతోని కొట్లాడిన." వేలు అలాగే ఉంచింది. "సన్నగ రాసిండ్రంటివి గద, అప్పుడు కనవడలేదేమో అనుకున్న. గందుకే అచ్చిన. ఇప్పుడు గుడ కనవడలేదా అక్కా?"

పిల్లాణ్ని ఇంకొంచెం దగ్గరికి పొదువుకున్నాను.

"ఏమున్నదే అండ్ల?" అన్నాడు సంగప్ప గుమ్మంలోంచి. నన్నే అడిగాడు.

నేను నోరు తెరవకపోయేసరికి ఎంకమ్మే చెప్పింది. గొంతు పెంచలేదు. "ఏం లేదు సంగన్నా. నీ దగ్గు ఫ్యాక్టరీలకెల్లి రాలేదంట, నీ ఇంట్లకెల్లే అచ్చిందంట. నువ్వు ఒప్పుకున్నవు, ఆయన ఒప్పుకున్నడు. ఆయన కాయితం గిది. నీది వాళ్ల తాన ఉన్నది."

పాలు తాగే పిల్లాడి నోటి చివర చిటికెన వేలు పెట్టి, రొమ్ము మెల్లగా విడిపించింది. వాడు ఏడవబోయాడు. భుజాన వేసుకొని వెళ్లిపోయింది. పోతూ నా పైట సర్దింది, అలవాటుగా.

ఆ తర్వాత రోజులన్నీ గోడవతల వాడు ఏడుస్తూనే ఉన్నాడు. నీళ్లు కలిపిన ఆవుపాలు వాడికి పట్టేవి కాదు. వాడు ఏడ్చినప్పుడల్లా నాకు పాలు చేపుకొచ్చి రవికె తడిసేది. గోడ మీద ఆ రెండు దెబ్బల కోసం చూసేదాన్ని. పడలేదు. నెల తిరగకుండా ఎంకమ్మ గది ఖాళీ చేసి వాళ్ల తమ్ముడి దగ్గరికి, జోగిపేట వైపు వెళ్లిపోయింది.

ఉగాది మరునాడు సంగప్పకు ఆర్డరు, దవాఖాన కార్డు ఇచ్చారు. ఇంటికి తెచ్చి నా ముందు పెట్టాడు. నేను చదివాను. ఆయన పేరు, నా పేరు, పాప పేరు. "పాపది గుడ ఉన్నది. మందులు ఫిరీ" అన్నాను. అందులో ఉన్నది ఉన్నట్టే చదివాను.

ఆయన తల ఊపాడు. కార్డు తీసుకొని, మడత పడకుండా జేబులో పెట్టుకొని, చెప్పులేసుకొని, యాదన్నకు చూపించుకు రావడానికి వెళ్లాడు.